మద్రాసు పుస్తకాల్లో ఐర్లండు వంశాలు



చెన్నైలో పెరంబూరు, పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ ప్రాంతాల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలతో పరిచయం ఉన్నవాళ్ళకు ఓబ్రయన్, మర్ఫీ, కెల్లీ, డాయిల్ వంటి ఇంటిపేర్లు కొత్త కావు. మనం ఈ పేర్లన్నిటినీ కలిపి ఇంగ్లీషు పేర్లంటాం. నిజానికి ఇవి ఇంగ్లండు పేర్లు కావు, ఐర్లండు పేర్లు. 'మా ముత్తాత తండ్రి ఎవరో ఐర్లండు నుంచి పటాలంలో వచ్చాడట' అన్న ఒక్క మాట తప్ప, చాలా ఇళ్ళలో ఇంతకు మించిన ఆధారం ఉండదు. ఆ 'అట' అన్న మాటను పట్టుకొని కాగితాల వెంట వెనక్కి నడిస్తే ఎంతదూరం పోగలమన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

వంశం చెప్పించుకోవటం మనకు కొత్త విద్య కాదు. భట్రాజులున్నారు. రెడ్ల వంశాలు పాడటానికి పిచ్చుకుంట్లవారున్నారు. కాశీకో గయకో వెళ్తే పండాలు పుస్తకం తీసి మన తాతగారి సంతకం చూపిస్తారు. ఐర్లండులోనూ ఒకప్పుడు ఇలాంటివాళ్ళే ఉండేవారు. ఒక్కొక్క దొరకు, ఒక్కొక్క తెగకు వంశపారంపర్యంగా చరిత్ర చెప్పే కుటుంబాలుండేవి. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఆ దొరల ప్రాబల్యాన్ని అణచివేయటంతో ఈ విద్యను పోషించేవాళ్ళు లేకపోయారు. అక్కడినుంచి సామాన్యుడి వంశానికి దిక్కు చర్చి పుస్తకాలూ సర్కారు కాగితాలే అయినాయి.

ఆ సర్కారు కాగితాల గతి ఏమైందో చెబితే గాని మద్రాసు ప్రాముఖ్యం బోధపడదు. 1922లో ఐర్లండులో అంతర్యుద్ధం వచ్చింది. డబ్లిన్ నగరంలో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలోనే ప్రభుత్వ దస్తావేజుల భవనం ఉండేది. ఒక పక్షంవాళ్ళు ఏప్రిల్‌లో ఆ ఆవరణను ఆక్రమించారు, జూన్ చివర రెండో పక్షంవాళ్ళు ఫిరంగులు పేల్చారు. జూన్ 30న బ్రహ్మాండమైన పేలుడు జరిగి భవనం మంటల పాలైంది. 1821 నుంచి 1851 వరకు పదేళ్ళకొకసారి తీసిన జనాభా లెక్కలు కొన్ని ముక్కలు మినహా కాలిపోయాయి. వీలునామాలు కాలిపోయాయి. భద్రంగా ఉంటాయని ప్రొటెస్టెంట్ చర్చిలవాళ్ళు అక్కడ దాచుకొన్న సుమారు వెయ్యి విచారణల రిజిస్టర్లు కూడా వాటితోపాటే పోయాయి. 1861, 1871 లెక్కలను అంతకుముందే ప్రభుత్వం తన చేతులతో తాను నాశనం చేయించింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. మిగిలినవి 1901, 1911 లెక్కలు. కాథలిక్కుల రిజిస్టర్లు మాత్రం వాళ్ళ చర్చిల్లోనే ఉండిపోయినందువల్ల బతికాయి. అయితే చాలా పల్లెల్లో అవి 19వ శతాబ్దం మొదటి భాగంలోగాని మొదలు కావు.

అందుకని 1800 ప్రాంతాల్లో ఐర్లండు వదలి వచ్చిన ఒక పేదవాడి పేరు, వయస్సు, పుట్టిన ఊరు ఐర్లండులో ఎక్కడా మిగలకపోవచ్చు. అతను కుంపిణీ సోల్జరై మద్రాసు వచ్చి ఉంటే మాత్రం, మద్రాసు నుంచి లండనుకు వెళ్ళిన కాగితాల్లో మిగిలి ఉండవచ్చు. మన కరణాల దండకవిలెల సంగతి ఇలాంటిదే. ఊళ్ళో అసలు పోయింది. కాలిన్ మెకంజీ రాయించుకొన్న నకలు మద్రాసు చేరి బతికింది. నకలు బతికి అసలు చావటం చరిత్రలో తరచు జరిగే విషయమే.

ఇంతకూ ఈ ఐరిష్‌వాళ్ళు మద్రాసుకు ఎందుకొచ్చారు? పెద్దవాళ్ళ పేర్లు మనకు తెలుసు. 1760 జనవరి 22న వందవాసి దగ్గర ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ జరిగిన యుద్ధాన్ని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకొన్నాం. గెలిచిన ఐర్ కూట్ ఐర్లండులోని లిమరిక్ కౌంటీవాడు. ఓడిన ఫ్రెంచి సేనాని లాలీ తండ్రి గాల్వే ప్రాంతం నుంచి ఫ్రాన్సుకు వలసపోయిన ఐరిష్‌వాడు. కర్ణాటకం ఎవరిదో తేల్చటానికి ఇద్దరు ఐర్లండు సంతతివాళ్ళు వందవాసి పొలాల్లో కొట్టుకున్నారన్నమాట. 1781 నుంచి 1785 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన మెకార్ట్నీ ఆంట్రిమ్ కౌంటీవాడు. ఎగ్మూరులో మనం పుస్తకాలు చదువుకొనే కన్నెమరా లైబ్రరీ పేరు కూడా ఐర్లండు పశ్చిమ తీరంలోని ఒక ప్రాంతం పేరే. 1886 నుంచి 1890 దాకా గవర్నరుగా ఉన్న రాబర్ట్ బూర్క్ ప్రభువు బిరుదు అది.

కాని గవర్నర్ల వంశాలకు వెతుకులాట అక్కరలేదు. అవి అచ్చు పుస్తకాల్లోనే ఉంటాయి. మన సంగతి సోల్జరుది. 1830లో బ్రిటిష్ సైన్యంలో నూటికి 42 మంది ఐర్లండువాళ్ళు. కుంపిణీ సొంతంగా చేర్చుకొన్న తెల్ల సోల్జర్లలో కూడా ఆ కాలంలో దాదాపు సగం వాళ్ళే. భూమి లేదు, పని లేదు, బంగాళాదుంప తప్ప తిండి లేదు. చేర్చుకొనేవాడు ఊళ్ళోకి వచ్చి రొక్కం చూపిస్తే కుర్రవాడు చేరిపోయేవాడు. 1845లో బంగాళాదుంపకు తెగులు వచ్చి మహాక్షామం పట్టిన తరవాత సంగతి చెప్పేదేముంది.

ఇక్కడొక పటాలం కథ వినదగ్గది. 1748లో స్ట్రింగర్ లారెన్సు కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో విడివిడిగా ఉన్న తెల్ల సోల్జర్ల కంపెనీలను కలిపి ఒక పటాలం చేశాడు. అదే మద్రాసు యూరోపియన్ రెజిమెంటు. మన బందరు కోటలో 1809లో గవర్నరు మీద తిరగబడ్డ తెల్ల ఆఫీసర్లు ఈ పటాలంవాళ్ళే. కుంపిణీ పోయి రాణి ప్రభుత్వం వచ్చాక 1862లో దానికి 102వ నంబరు ఇచ్చారు. 1881లో పేరు మార్చి రాయల్ డబ్లిన్ ఫ్యుజిలీర్స్‌లో మొదటి బెటాలియన్ చేశారు. మద్రాసులో పుట్టిన పటాలం డబ్లిన్ పటాలమై కూచుంది. మూడో మద్రాసు యూరోపియన్ పటాలం కూడా అదేవిధంగా రాయల్ ఇన్నిస్కిలింగ్ ఫ్యుజిలీర్స్ అనే మరో ఐరిష్ పటాలంలో కలిసింది. ఐర్లండు విడిపోయాక, 1922 జూలై 31న, డబ్లిన్ ఫ్యుజిలీర్స్‌ను రద్దు చేశారు. అంటే దస్తావేజుల భవనం కాలిన సరిగ్గా నెల రోజులకు.

ఇక కాగితాల సంగతి. మద్రాసులో వెతకటం మొదలుపెట్టేవాళ్ళు ముందు వెళ్ళేది సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించిన చర్చి అది. వారం రోజులకే అక్కడ ఎలైహూ యేల్ పెళ్ళి జరిగింది. 1753లో క్లైవు పెళ్ళీ అక్కడే. గైడ్లు ఈ రెండు సంతకాల గురించే చెబుతారు. మన సోల్జరు ఆ పుస్తకాల్లో సంతకం చేయడు, ఇంటూ గుర్తు పెడతాడు. చర్చి చుట్టూ నేల మీద పరిచిన సమాధి రాళ్ళకు కూడా ఐరిష్ సంబంధం ఒకటుంది. ఆ రాళ్ళు మొదట అక్కడివి కావు. పాత లా కాలేజీ ఉన్న చోట ఇంగ్లీషువాళ్ళ శ్మశానం ఉండేది. 1758 డిసెంబరులో లాలీ మద్రాసును ముట్టడించినప్పుడు ఫ్రెంచి సోల్జర్లు ఆ పెద్దపెద్ద సమాధుల చాటున నిలిచి కోట మీద కాల్పులు జరిపారు. ముట్టడి తొలగిపోయాక ఇంగ్లీషువాళ్ళు ఆ సమాధులను పడగొట్టి, రాతలున్న పలకలను మాత్రం తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. కాబట్టి ఆ రాయి కింద ఆ మనిషి లేడు. వంశం వెతికేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. జె.జె. కాటన్ అనే ఆయన 1905లో మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల మీది రాతలు సేకరించి అచ్చు వేయించాడు. తరవాత ఎండకూ వానకూ అరిగిపోయిన అక్షరాలు ఎన్నో ఆ పుస్తకంలోనే మిగిలాయి.

రిజిస్టర్లలో నిజమైన నిధి మరొకటి. ప్రెసిడెన్సీలోని ప్రతి చాప్లిన్ తన చర్చిలో జరిగిన బాప్తిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకలు తీసి పైకి పంపాలి. అవన్నీ కలిపి లండనుకు వెళ్ళేవి. మద్రాసు నకళ్ళు 1698 నుంచి ఉన్నాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో ఉన్నాయి. 2014 నుంచి చాలా భాగం ఇంటర్నెట్టులో కూడా చూడవచ్చు. బందరు, విశాఖపట్నం, బళ్ళారి, సికిందరాబాదు, ఏ దండు ఊరి చర్చిదైనా ఆ వరసలో ఉంటుంది. చెదలు, తుపానులు, 1864లో బందరును ముంచిన ఉప్పెన వంటివాటి మధ్య ఇక్కడి పుస్తకాలు ఏమైనా, నకలు లండనులో పొడిగా ఉంది.

కాథలిక్కులకు ఇంత సదుపాయం లేదు. వాళ్ళ చర్చిల నకళ్ళు 1830ల తరవాతగాని వెళ్ళలేదు, వెళ్ళినవీ అరకొరే. ఐరిష్‌వాళ్ళలో ఎక్కువమంది కాథలిక్కులు కనుక ఈ లోటు పెద్దదే. అయితే అదే కాలంలో మద్రాసు కాథలిక్ పీఠం ఐరిష్ బిషప్పుల చేతికి వచ్చింది. డేనియల్ ఓకానర్, తరవాత జాన్ ఫెనెల్లీ, ఆయన తరవాత ఆయన తమ్ముడు స్టీఫెన్ ఫెనెల్లీ, ఆ తరవాత 1911 దాకా జోసఫ్ కోల్గన్. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల తెలుగు క్రైస్తవులు కూడా ఆనాడు ఈ పీఠం కిందివాళ్ళే. 1842లో ప్రెజెంటేషన్ సభ కన్యాస్త్రీలు ఐర్లండు నుంచి వచ్చి జార్జిటౌనులో, అప్పటి బ్లాక్‌టౌనులో, బడి పెట్టారు. పేరు వింటూనే ఏ కౌంటీదో చెప్పగల గురువు రిజిస్టరు రాస్తే ఆ పేరు సరిగ్గా పడుతుంది. పోర్చుగీసు గురువో ఫ్రెంచి గురువో రాస్తే ఓషానెసీ అన్న పేరు ఎన్ని వంకరలు పోతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు నడక ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ అనుకుందాం. మర్ఫీ అనే ఇంటిపేరున్న ఒక రైల్వే కుటుంబం. తాత గుంతకల్లులోనో బిట్రగుంటలోనో ఇంజను డ్రైవరు. ఆయన పెళ్ళి రిజిస్టరులో తండ్రి పేరుంటుంది. ఆ తండ్రి బాప్తిజం దొరికితే, అక్కడ ఆయన తండ్రి వృత్తి రాసి ఉంటుంది. 'పెన్షనరు' అనో, ఫలానా పటాలంలో ప్రైవేటు అనో. ఆ పటాలం పేరే రెండో తలుపుకు తాళంచెవి. కుంపిణీ పటాలమైతే కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో, రాజుగారి పటాలమైతే లండను శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో. ఈ రెంటికీ తేడా తెలియక ఒకచోట వెతకవలసింది మరోచోట వెతికి ఏళ్ళు పోగొట్టుకొన్నవాళ్ళున్నారు. కుంపిణీ మనిషైతే ఏటేటా తీసిన హాజరు పట్టీల్లో అతను ఏ ఓడలో వచ్చాడో ఉంటుంది. ఓడ ఎక్కకముందు ఇంగ్లండులోని డిపోలో రాసుకొన్న పుస్తకంలో వయస్సు, ఎత్తు, అంతకుముందు చేసిన పని, పుట్టిన విచారణ, కౌంటీ ఉంటాయి. అక్కడ 'కూలి, ఫలానా విచారణ, కార్క్ కౌంటీ' అని కనిపించిందనుకోండి. నాలుగైదు తరాల 'అట'కు అది ముగింపు.

ఆ విచారణ పేరు దొరకాలి సుమా. మర్ఫీ, కార్క్ అన్నంత మాత్రాన లాభం లేదు. అది గోదావరి జిల్లా వెళ్ళి 'సత్యనారాయణగారి ఇల్లెక్కడ' అని అడిగినట్టుంటుంది. మనవాళ్ళకు ఇంటిపేరు చాలక గోత్రం కావలసి వచ్చినట్టే, ఐరిష్‌వాళ్ళకు కౌంటీ చాలక విచారణ, అదీ చాలక టౌన్‌లాండ్ అనే చిన్న పల్లె శివారు పేరు కావాలి. అలాంటివి ఆ దేశంలో 60,000కు పైగా ఉన్నాయి. విచారణ తెలిస్తే తరవాతి పని ఇప్పుడు తేలిక. కాథలిక్ రిజిస్టర్ల ఫిల్ములను ఐర్లండు జాతీయ గ్రంథాలయం 2015లో ఇంటర్నెట్టులో ఉచితంగా పెట్టింది. 1922లో కాలిపోయినవాటికి ప్రపంచమంతటా ఉన్న నకళ్ళను వెతికి, ఆ భవనాన్ని కంప్యూటరులో మళ్ళీ నిర్మించే ప్రయత్నం 2022 జూన్‌లో, సరిగ్గా నూరేళ్ళకు, ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

దారి తప్పే చోట్లు కూడా చెప్పాలి. పేరు ఐరిష్ అయినంత మాత్రాన రక్తం ఐరిష్ కానక్కరలేదు. అనాథ పిల్లలకు, కొత్తగా మతం పుచ్చుకొన్నవాళ్ళకు గురువు పేరో, సాక్షిగా నిలిచిన సార్జంటు పేరో పెట్టిన సందర్భాలున్నాయి. 1789లో మద్రాసులో ఆండ్రూ బెల్ నడిపిన మగపిల్లల అనాథ శరణాలయం సోల్జర్ల పిల్లల కోసమే పుట్టింది. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే పద్ధతి ఇక్కడినుంచే 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండు వెళ్ళింది. ఆ శరణాలయం అచ్చుకూటం ఏటేటా అసైలమ్ ప్రెస్ పంచాంగం వేసేది. ప్రెసిడెన్సీలోని యూరోపియన్ల, యురేషియన్ల పేర్లు, ఉద్యోగాలు, ఊళ్ళు అందులో ఉండేవి. ఏ ఏడాది ఏ ఊళ్ళో ఉన్నాడో తేల్చటానికి దాన్ని మించినది లేదు.

రెండో పొరపాటు ఆశ. ముత్తాత ఐర్లండువాడని తేలితే ఐరిష్ పాస్‌పోర్టు వస్తుందని కొందరనుకుంటారు. అక్కడి చట్టం ప్రకారం మామూలుగా తాత లేక అమ్మమ్మ, నాయనమ్మ తరం దాకానే ఆ హక్కు. 1830లో ఓడ దిగినవాడు దానికి పనికిరాడు. దుకాణాల్లో డబ్బిస్తే కొట్టి ఇచ్చే వంశచిహ్నాల డాలు బొమ్మలు కూడా అంతే. మన సోల్జరుకు డాలు లేదు, తుపాకి ఉంది, అదీ కుంపిణీవారిది.

ఇంతవరకు చెప్పిందంతా తండ్రి వైపు. నా దృష్టిలో అసలు కథ సగమే అయింది. ఆ సోల్జరు పెళ్ళి చేసుకొన్నదెవరిని? ఐర్లండు నుంచి ఆడవాళ్ళు సోల్జర్లతో బహుకొద్దిగా వచ్చారు. 1680లలోనే కుంపిణీ డైరెక్టర్లు మద్రాసుకు ఉత్తరం రాశారు. తమ సోల్జర్లు స్థానిక స్త్రీలను పెళ్ళాడేట్టు ప్రోత్సహించమనీ, అలా పుట్టిన బిడ్డకు బాప్తిజం ఇచ్చిన రోజున తల్లికి ఒక వరహా ఇమ్మనీ. వరహా తల్లి చేతికే ఇవ్వాలి. కాని బాప్తిజం పుస్తకం తెరిస్తే, తరవాతి కాలాల్లో కూడా, ఎన్నో చోట్ల తండ్రి పేరు, హోదా, పటాలం పూర్తిగా ఉంటాయి. తల్లి దగ్గర 'స్థానిక స్త్రీ' అని మాత్రమే ఉంటుంది. లేదా మరియ, కేథరిన్ అని బాప్తిజంలో పెట్టిన పేరొక్కటే. ఆమెది ఏ ఊరు, ఏ ఇల్లు, ఇంట్లో మాట్లాడింది తెలుగా అరవమా అనే గడి ఆ పుస్తకంలో లేనేలేదు. విశాఖపట్నంలో పింఛను పుచ్చుకొని స్థిరపడ్డ ముసలి సోల్జర్ల ఇళ్ళలో, బందరు కోట పక్క పేటల్లో, ఆమె తెలుగుది అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆరువేల మైళ్ళ అవతలి కార్క్ కౌంటీ విచారణ దొరుకుతుంది. ఆరు మైళ్ళ అవతలి పుట్టింటి పేరు దొరకదు.

చట్టం కూడా ఈ మరుపునే ఖాయం చేసింది. 1935 ఇండియా చట్టంలోనూ, తరవాత మన రాజ్యాంగం 366వ అధికరణంలోనూ ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో నిర్వచనముంది. తండ్రి, లేదా తండ్రి వైపు మగ పూర్వికుల్లో ఒకరు యూరోపియన్ సంతతివాడై, ఆ వ్యక్తి ఇండియాలో స్థిరనివాసి అయి ఉండాలి. తల్లి వైపు లెక్కలోకి రాదు. ఈ నిర్వచనం మీదనే లోక్‌సభలో ఇద్దరికీ, కొన్ని శాసనసభల్లో ఒక్కొక్కరికీ నామినేషన్ స్థానాలుండేవి. 104వ సవరణతో 2020 జనవరి నుంచి అవి ఆగిపోయాయి. నిర్వచనం మాత్రం అలాగే ఉంది. అందుచేత వంశం వెతికేవాళ్ళందరూ మగ గొలుసే పట్టుకొని పోయారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా వలసలకు కాగితాలు పోగుచేసుకొన్నప్పుడు కూడా, చూపవలసింది యూరోపియన్ పూర్వికుణ్ణే గాని అమ్మమ్మ తల్లిని కాదు. కొన్ని ఇళ్ళలో ఆమె ఫొటో ఉన్నా దాచిపెట్టారు. చీరె కట్టుకొన్న ఫొటో ఆ రోజుల్లో పనికిరాని ఫొటో.

ఇప్పుడు డీఎన్ఏ పరీక్షలు వచ్చి, ఉమ్మి నమూనా పంపినవాళ్ళకు దక్షిణాసియా పాలు ఇంత అని లెక్క చెబుతున్నాయి. పాలు చెబుతాయి గాని పేరు చెప్పవు. పేరు కావాలంటే మళ్ళీ కాగితాల దగ్గరికే రావాలి. చూడవలసినవి మూడున్నాయి. మొదటిది, కాథలిక్ జ్ఞానస్నానం పుస్తకంలో జ్ఞానతల్లి పేరు. తల్లి బంధువో, ఇరుగుపొరుగో తరచు ఆ స్థానంలో ఉంటుంది, ఆమెకు ఊరి పేరో ఇంటి పేరో తగిలించి ఉండవచ్చు. రెండోది పింఛను కాగితాలు. 1770లో క్లైవు పేరిట పెట్టిన నిధి నుంచి సోల్జర్లకు, వాళ్ళ వితంతువులకు భత్యం వెళ్ళేది. అయితే ఆ వితంతువుల్లో చర్చిలో పెళ్ళి అయినవాళ్ళే ఎక్కువ.

మూడోది వీలునామా. సోల్జరు పోతే అతని సామాన్లు పటాలంలోనే వేలం వేసి, వచ్చిన సొమ్ము ఎవరికి చెందాలో చూసేవారు. అందుకని చదువురానివాడు కూడా జబ్బుపడగానే సార్జంటు చేత నాలుగు మాటలు రాయించుకొనేవాడు. 18వ శతాబ్దం నుంచి మద్రాసు వీలునామాల నకళ్ళు కూడా లండనుకు వెళ్ళాయి. చర్చి పుస్తకంలో పేరు లేని స్త్రీకి సొమ్ము ముట్టాలంటే ఆమె ఎవరో అక్కడ చెప్పక తప్పలేదు. పిల్లల పేర్లు, వాళ్ళ తల్లి పేరు, ఆమె ఉండే పేట, ఆమెకు ఇవ్వవలసిన వరహాల సంఖ్య అన్నీ వరసగా ఉన్న వీలునామాలున్నాయి. ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో సార్జంటు తనకు వినబడినట్టు రాసుకొన్నాడు. వాటిని పైకి చదివితే ఏ భాష పేరో మన చెవికి తెలుస్తుంది.